నాలుగో అంతస్తు నుంచి కనబడే రంగు

2021 వేసవిలో, కరోనా రెండోసారి విరుచుకుపడిన నెలల్లో, నేను సూరత్ దగ్గర కడోదరాలో ఒక ప్రాసెసింగ్ మిల్లులో కలర్ ల్యాబ్ ఇన్‌చార్జిగా ఉన్నాను. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది పైన ఉంది. మా వారిది రైల్వే ఉద్యోగం కావడంతో ఉధ్నా రైల్వే క్వార్టర్లలో కాపురం. రోజూ కంపెనీ బస్సులో మిల్లుకు వెళ్ళి వచ్చేదాన్ని.

ప్రాసెసింగ్ మిల్లు అంటే నేత అయిపోయిన పచ్చి బట్టకు రంగు వేసి, ఇస్త్రీ మడత దాకా తెచ్చి పంపే చోటు. అందులో కలర్ ల్యాబ్ చిన్న గది. బట్టల కంపెనీ వాళ్ళు ఒక రంగు ముక్క పంపి అలాంటి రంగే కావాలంటారు. దానికి ఏ రంగుపొడి ఎంత కలపాలో మేము తేల్చి, అరచేతంత బట్ట ముక్కకు ముందుగా వేసి చూపిస్తాం. దాన్ని ల్యాబ్ డిప్ అంటారు. వాళ్ళిచ్చిన ముక్కనూ మా ముక్కనూ లైట్ బాక్సులో పక్కపక్కన పెట్టి చూస్తాం. ఆ పెట్టెలో ఒక మీట నొక్కితే పగటి వెలుగు, ఇంకోటి నొక్కితే దుకాణం ట్యూబులైటు, మరోటి నొక్కితే ఇంట్లో పసుపు బల్బు. పగటి వెలుగులో కవలల్లా ఉన్న రెండు ముక్కలు ట్యూబులైటు కింద వేరుపడిపోతాయి. అన్ని వెలుగుల్లోనూ కలిస్తేనే షేడ్ పాస్ అయినట్టు. ఆ సంతకం నాది. నా సంతకం పడకుండా రంగు వేసే జెట్ మెషీన్లలోకి బట్ట దిగదు.

అంతకుముందు మాది ఎక్కువగా చొక్కాల బట్ట, సూటింగు. బూడిద, ముదురు నీలం, గోధుమ. జనం ఇళ్ళలో కూర్చున్నాక ఆఫీసు చొక్కాలు అడిగేవాళ్ళు తగ్గిపోయి, టీషర్టులు, ట్రాక్ ప్యాంట్లు, వ్యాయామం బట్టలు కుట్టేవాళ్ళు మా గేటు ముందు నిలబడ్డారు. వాళ్ళ రంగులే వేరు. చెమటకు చెదరకూడదు, వారం వారం ఉతికినా వెలిసిపోకూడదు, పైగా కంటికి కొట్టొచ్చినట్టు ఉండాలి. పరుగెత్తేవాళ్ళ కోసం ఒక పసుపు తయారుచేయమన్నారు. నిమ్మపండు పసుపుకు రెండు మెట్లు పైన, చూస్తే కళ్ళు చికిలించాల్సిన రంగు. మా వర్కర్లు దాన్ని రేడియం పసుపు అనేవాళ్ళు. ఆ పసుపులో కుట్టించిన నమూనా టీషర్టులు శాంపిల్ గదిలో హ్యాంగర్లకు వేలాడుతుండేవి. ముప్పై ఏళ్ళు బూడిద రంగుల మధ్య గడిపినదాన్ని కాబట్టి మొదట్లో ఆ గదిలోకి వెళితే నాకు తలనొప్పిగా ఉండేది. తర్వాత్తర్వాత పని లేకపోయినా ఒకసారి తొంగిచూసి వచ్చేదాన్ని.

రాజేశం మా మిల్లులో జెట్ మెషీన్ ఆపరేటర్. సొంతూరు జగిత్యాల దిక్కు. చిన్న వయసులో ఉధ్నా మగ్గాల్లో పనికి వచ్చి, తర్వాత మా దగ్గర చేరాడు. జెట్ మెషీన్ పెద్ద బాయిలర్ లాంటిది. బట్టను తాడులా చుట్టి లోపలికి ఎక్కించి, మూత బిగించి, వేడినీ ఒత్తిడినీ మెల్లగా పెంచుతూ రంగును పోగులోకి ఎక్కిస్తారు. రంగు తూకాలు వేరే గది నుంచి వస్తాయి కాబట్టి ఆపరేటరుకు కావాల్సింది ఓపిక, చెవి. మెషీన్ మోతను బట్టే లోపల బట్ట చిక్కుపడిందో లేదో రాజేశం చెప్పేవాడు.

అందరి బట్టల మీదా రంగు చుక్కలు ఉండే ఆ హాల్లో రాజేశం ఒక్కడే తెల్ల చొక్కా వేసుకునేవాడు. పనికి వచ్చేటప్పుడు తెలుపు, ఇంటికి వెళ్ళేటప్పుడు తెలుపు. డ్యూటీలో మాత్రం మిల్లు ఇచ్చిన ఖాకీ కోటు. తోటివాళ్ళు నవ్వుతూ "నేతాజీ" అని పిలిచేవాళ్ళు, అంటే నాయకుడుగారు అని. అది ఆయన షోకు అనుకున్నారు. అసలు సంగతి మిల్లులో నాకొక్కదానికే తెలుసు.

కొన్నేళ్ళ కిందట ల్యాబులో అసిస్టెంటు పోస్టు ఖాళీ అయితే రాజేశం అడిగాడు. ల్యాబులోకి తీసుకునే ఎవరికైనా కళ్ళ పరీక్ష తప్పనిసరి. రంగు చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే పలకలు ఒక్కొక్కటే చూపించి చదవమంటాం. ఎరుపు, ఆకుపచ్చ విడిగా తెలిసే కన్ను ఆ అంకెల్ని చదివేస్తుంది. తెలియని కంటికి అవి చుక్కల కుప్పలే. రాజేశం మొదటి పలక తప్ప మరేదీ చదవలేకపోయాడు. ఎరుపు చుక్కలు ఆయనకు నల్లటి మట్టిలా కనిపిస్తాయని మాటల్లో తేలింది. నేను తలుపు వేసి, ఇది జబ్బు కాదనీ, పుట్టుకతో వచ్చేదనీ, మగవాళ్ళలో అరుదేమీ కాదనీ చెప్పాను. పోస్టు ఇవ్వలేనని కూడా చెప్పాను.

ఆయన పలకలను నా వైపు జరిపాడు. "చిన్నప్పటి సంది నాకు అనుమానమే మేడం. మామిడికాయ పండిందో లేదో ఒత్తి చూసేటోన్ని," అన్నాడు. తర్వాత, "ఇంట్ల ఎవలకు ఎర్క లేదు. మీరు చెప్పకండ్రి," అన్నాడు. చెప్పనన్నాను. ఆ తర్వాత ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు.

ఏప్రిల్లో మిల్లు సగం మందితో నడుస్తోంది. మా జనరల్ మేనేజర్ ఒక ఏర్పాటు చేశారు. ఆస్పత్రిలో చేరిన వర్కర్ల యోగక్షేమాలు కనుక్కోవడానికి ఒక్కో భాషవాళ్ళ బాధ్యత ఒక్కో అధికారికి అప్పగించారు. తెలుగువాళ్ళు నా వంతు. రోజూ ఆస్పత్రికి ఫోన్ చేసి పరిస్థితి కనుక్కోవడం, ఇంటివాళ్ళకు చెప్పడం, మందులు ఏవైనా కావాలంటే స్టోర్సు ద్వారా తెప్పించడం నా పని.

రాజేశానికి జ్వరం వచ్చి, ఊపిరి ఆడక, ఉధ్నా వైపు ఒక ఆస్పత్రిలో నాలుగో అంతస్తు వార్డులో చేర్చారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. మంచం కిటికీ పక్కనే. ఆయన భార్య సుగుణకు నలభై అయిదు దాటాయి. ఇంట్లో చీరలకు రాళ్ళు అంటించే పని చేసేది. సూరత్‌లో మగ్గాల బస్తీల నిండా ఆడవాళ్ళు చేసే పనే అది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ముంబై దగ్గర భివండీలో ఉంటుంది, నిండు గర్భిణి, రాలేదు. సుగుణకు ఇక్కడ ఇంకెవరూ లేరు. ఫోనులో మొదటిరోజు నన్ను మేడం అంది. మర్నాటికి అక్కా అంది.

ఆస్పత్రి లోపలికి ఎవరినీ రానివ్వరు. రోగుల తాలూకు మనుషులు గేటు దగ్గర వేపచెట్ల కింద నిలబడి పైకి చూసేవాళ్ళు. చెట్ల వెనక వైపు ఎండకు అడ్డంగా నీలం తార్పాలిన్ కట్టారు. పొద్దున డాక్టర్లు చూసి వెళ్ళాక కాస్త కూర్చోగలిగినవాళ్ళను నర్సులు కిటికీ దగ్గర కూర్చోబెట్టేవాళ్ళు. కింద నుంచి చేతులు ఊపితే పైనుంచి చేతులు ఊపేవాళ్ళు. అందరికీ మాస్కులు, తలల మీద కొంగులు. ఎవరు ఎవరో అద్దంలోంచి గుర్తుపట్టడం కష్టమే. సుగుణ రోజూ వెళ్ళి వేపచెట్టు మొదట్లో నిలబడేది. తనకున్న వాటిలో మంచిదని పట్టంచు ఎర్ర చీర కట్టుకుని వెళ్ళేది. ఎరుపు మేలు చేస్తుందని, దూరానికి కూడా బాగా తెలుస్తుందని పక్కింటావిడ చెప్పిందట.

ఒకరోజు వార్డు సిస్టర్ నాకు ఫోన్ చేసింది. మలయాళీ అమ్మాయి, హిందీలో నెమ్మదిగా మాట్లాడేది. మీ రాజేశం అంకుల్ తిండి ముట్టడం లేదనీ, సంతకం పెట్టి ఇంటికి పోతానని పట్టుబడుతున్నాడనీ చెప్పింది. ఆక్సిజన్ తీస్తే మనిషి నిలవడనీ, కానీ ఆయన వద్దని రాసిస్తే తామేమీ చేయలేమనీ అంది. రెండుసార్లు గొట్టం పీకేసుకున్నాడట.

నేను రాజేశానికి ఫోన్ చేశాను. ఆయనది మాటలకు తప్ప దేనికీ పనికిరాని పాత డబ్బా ఫోను. బొమ్మ కనబడేది కాదు.

"ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చేస్తావు రాజేశం?" అని అడిగాను.

"సుగుణను చూడాలె మేడం. ఆమెకు గూడ కరోనా అచ్చింది. మీరందరు నాకు చెప్తలేరు."

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవడం వినబడుతోంది. సుగుణ బాగానే ఉందనీ, రోజూ గేటు దగ్గరికి వస్తోందనీ చెప్పాను.

"ఆమె గట్లనే అంటది. చెట్టు కింద ఉన్న, చూడు అంటది. నేను చూస్తనే ఉన్న మేడం. మస్తు మంది ఉన్నరు, అండ్ల ఆమె లేదు. గొంతు గూడ గరగర అంటున్నది. యాడనో మంచంల పండి ఫోన్ల మాట్లాడుతున్నది. నాకు సమజ్ అయితది."

ఆమె గొంతు అలా ఉండడానికి కారణం ఏడుపు. అది చెప్పినా ఆయన నమ్మే స్థితిలో లేడు. "రాజేశం, ఆమె వేపచెట్టు మొదట్లోనే ఉంటోంది. ఎర్ర చీరలో," అన్నాను.

ఆక్సిజన్ బుసబుస మధ్య నుంచి, "ఎర్రదా," అన్నాడు.

నాకు ఆ క్షణంలో చుక్కల పలకలు గుర్తొచ్చాయి. చెట్టు నీడ, ముదురు ఆకులు, నల్లటి మొదలు, వాటి ముందు ఎర్ర చీర. ఆయన కంటికి అదంతా ఒకటే మట్టిరంగు. సుగుణ చెట్టులో కలిసిపోయి నిలబడుతోంది. రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది, ఆయన ఆమె మీదుగా చూస్తున్నాడు. కింద నుంచి సుగుణ కూడా వేరేగా అర్థం చేసుకుందని తర్వాత తెలిసింది. ఆయనకు బతుకు మీద ఆశ పోయిందని, అందుకే తనను చూసి కూడా చెయ్యి ఎత్తడం లేదని అనుకుంది.

"రేపు ఆమె నీకు కనబడేలా నేను చేస్తాను. రేపటి దాకా గొట్టం ముట్టుకోవద్దు," అన్నాను.

"ఆమెకు చెప్తరా?"

"నేను చెప్పను."

"రేపటి దాక అయితే ఉంట," అన్నాడు.

ముందు సుగుణకు ఫోన్ చేసి, ఆయన కొని తెచ్చిన చీరలు ఏ రంగువని అడిగాను. "అన్నీ నీలంవే అక్కా. పండుగకు నీలం, పబ్బానికి నీలం. నీలం లేకుంటె తెలుపు. చూసి చూసి ఇసుగొచ్చి ట్రంకుల పడేసిన. ఈ ఎర్రది నా రాళ్ళ పని మీద నేను కొనుక్కున్నదే," అంది. ఆయన తనకు కనబడే రంగునే ఆమెకు తెస్తూ వచ్చాడు. కానీ గేటు దగ్గర వెనకంతా నీలం తార్పాలిన్. నీలం చీర కట్టిస్తే మళ్ళీ అందులో కలిసిపోతుంది.

మా పనిలో రంగును ఊహతో తేల్చడం ఉండదు. చూసి తేల్చాలి. మిల్లు ఆవరణలో కూడా ఒక వేపచెట్టు ఉంది. శాంపిల్ గది టైలర్ భరత్‌భాయ్‌ని ఆ చెట్టు కింద నిలబెట్టి, ఒక్కో రంగు టీషర్టు పట్టుకోమని, నేను మేడ మీదకు ఎక్కాను. నా కళ్ళు రాజేశం కళ్ళు కావు. అందుకని ఫోను కెమెరాను నలుపు తెలుపులకు మార్చి చూశాను. ఎరుపు టీషర్టు ఆకుల బూడిదలో కలిసిపోయింది. ఆకుపచ్చ, నారింజ కాస్త మేలు. లేత గులాబి ఎండ మరక అనుకునేలా ఉంది. రేడియం పసుపు పట్టుకోగానే చెట్టు కింద తెల్లగా దీపం పెట్టినట్టు కనబడింది. పసుపూ నీలమూ అలాంటి కళ్ళకు కూడా విడిగానే తెలుస్తాయి కాబట్టి తార్పాలిన్ వల్ల ఇబ్బంది లేదు. భరత్‌భాయ్ కింద నుంచి, అక్కా, ఇది ఏ కంపెనీ పరీక్ష అని గుజరాతీలో అడిగాడు. మన సొంతానిదే అన్నాను.

సాయంత్రం బస్సు దిగి ఆ టీషర్టు పట్టుకుని సుగుణ ఇంటికి వెళ్ళాను. ఉధ్నాలో ఇరుకు గల్లీలో మేడమీద ఒక్క గది. నేను గుమ్మం బయట, ఆమె గది లోపల. టీషర్టు మడత విప్పి ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇది పోరగాండ్లు ఏసుకునేది గదా అక్కా. నా వయసేంది, గీ రేడియం రంగేంది. గీ కష్టంల ఇంత షోకా అని నలుగురు నవ్వుతరు."

"షోకు కోసం కాదు సుగుణా. ఆయనకు నువ్వు కనబడడం లేదు. చెట్టు నీడలో ఎరుపు నల్లబడుతుంది. మా పనిలో అందరికీ తెలిసిన సంగతే."

నేను చెప్పింది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఆమె నా మొహంలోకి చూసి, "కనబడ్తలేనా? నన్ను చూసి గూడ గమ్మునున్నడు అనుకున్న," అంది. తర్వాత టీషర్టును చీర మీదే తలలోంచి తొడుక్కుంది. దాని చేతులు ఆమె మోచేతులు దాటాయి. కొంగును నడుము దగ్గర దోపింది. గోడకున్న చిన్న అద్దంలో ఒక్కసారి చూసుకుని, "మా బిడ్డ చూస్తె నవ్వి సస్తది," అంది. అన్ని రోజుల్లో ఆమె నవ్వడం నేను మొదటిసారి చూశాను.

మర్నాడు మిల్లుకు ఆలస్యంగా వస్తానని చెప్పి నేనూ ఆస్పత్రి గేటు దగ్గరికి వెళ్ళాను. సుగుణ ఆటో దిగి నడిచి వస్తుంటే అందరూ తిరిగి చూశారు. ఆమె తల వంచుకునే వచ్చింది. వేపచెట్టు మొదట్లో తన చోట నిలబడింది. సిస్టరుకు నేను ముందే ఫోన్ చేసి ఉంచాను. నాలుగో అంతస్తు కిటికీలో తెల్లటి ఆకారం ఒకటి కూర్చుంది. సుగుణ రెండు చేతులూ పైకెత్తింది.

పైన కాసేపు ఏ కదలికా లేదు. తర్వాత ఒక చెయ్యి లేచింది. ఆ తర్వాత రెండు అరచేతులూ అద్దానికి ఆనాయి. సుగుణ చేతిలో ఫోను మోగింది. ఆమె చేతులు దించకుండా ఊపుతూనే ఉంటే నేనే తీసి స్పీకరు పెట్టి ఆమె ముందు పట్టుకున్నాను.

"ఎవల అంగి ఏసుకున్నవ్?" అన్నాడు రాజేశం.

"కనబడ్తున్ననా?"

"కనబడ్తున్నవ్. ఒక్కదానివే కనబడ్తున్నవ్. జర పక్కకు తిరుగు."

సుగుణ తిరిగింది.

"ఇంకో పక్కకు."

మళ్ళీ తిరిగింది. బట్ట పరీక్షించేవాళ్ళలాగే ఆయన ఆమెను అన్ని వైపులా చూశాడు. చిక్కిందా, నిలబడగలుగుతోందా, చేతికి సెలైన్ సూది కట్టేమైనా ఉందా అని చూసుకున్నాడు.

"మంచిగనే ఉన్నవ్," అన్నాడు చివరికి.

"నేను మంచిగనే ఉన్న. నువ్వు తిను ముందు," అని సుగుణ చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుండిపోయింది. పై నుంచి ఫోనులో, "కూసోకు, నిలబడు, ఇంకింత సేపు చూస్త," అన్న మాట వినబడింది. ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది.

ఆ పూట ఆయన గంజి తాగాడని సిస్టర్ చెప్పింది. ఇంటికి పోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఊపిరి ఎగుడుదిగుడుగానే నడిచింది. ఒక దశలో ముక్కు గొట్టం తీసి ఆక్సిజన్ మాస్కు పెట్టారు, మాట్లాడనివ్వలేదు. అలాంటి రోజుల్లో కూడా కిటికీ వైపు తిప్పి పడుకోబెట్టమని చేత్తో చూపించేవాడట. సుగుణ రోజూ సాయంత్రం టీషర్టు ఉతికి ఫ్యాను కింద ఆరేసి, పొద్దున్నే మళ్ళీ తొడుక్కుని వెళ్ళేది. పాలియెస్టరు కాబట్టి త్వరగా ఆరేది. ఇంకొకటి ఇస్తానంటే తీసుకుంది.

గేటు దగ్గర నిలబడే మరికొందరు కూడా ఆమెను అడిగారు. మాకూ మావాళ్ళు కనబడడం లేదు, మమ్మల్ని వాళ్ళు గుర్తుపట్టడం లేదు అన్నారు. శాంపిల్ గదిలో పాస్ కాని నమూనాలు చాలా ఉన్నాయి. జనరల్ మేనేజర్ అనుమతి తీసుకుని భరత్‌భాయ్ ఒక మూట కట్టి ఇచ్చాడు. ఒక్కో కుటుంబం ఒక్కో రంగు ఎంచుకుంది. పైన ఉన్నవాళ్ళకు ఫోనులో తమ రంగు చెప్పారు. తెల్ల ధోతీ కట్టుకున్న ఒక గుజరాతీ పెద్దాయన, కొడుకు కోసం నారింజ రంగు పరుగు టీషర్టు వేసుకుని నిలబడ్డాడు. ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదు.

మాస్కు తీసిన రెండు మూడు రోజులకు రాజేశం తన కళ్ళ సంగతి తనంతట తానే సుగుణకు చెప్పాడు. నేను ఫోన్ చేసేసరికి ఆమె మామూలు గొంతుతో లేదు.

"మీకు ఎర్కనే గదా అక్కా," అంది.

"ఎరుకే. చెప్పొద్దన్నాడు."

"ఇరవై ఏండ్ల మీద అయితున్నది మా పెండ్లి అయి. కంటికి గట్లుందంటె నేనేమన్న అంటనా? ఈ ఎర్రచీర కొన్ననాడు కట్టుకొని ఎట్లున్న అని అడిగితె మంచిగున్నవ్ అన్నడు. ఏం చూసి అన్నడు?"

ఆ రోజు ఆమె ఆయనతో ఫోనులో మాట్లాడలేదు. గేటు దగ్గరికి మాత్రం పసుపు టీషర్టులోనే వెళ్ళి, రోజూ నిలబడేంతసేపూ నిలబడింది. మర్నాడు ఆమే నాకు ఫోన్ చేసింది. కోపం ఆపుకోలేక అదే ప్రశ్న ఆయన్ని అడిగిందట. "చీరను చూసి నేనెన్నడు చెప్పిన? నిన్ను చూసి చెప్పిన," అన్నాడట. ఆ మాట నాకు చెప్పి, "ఏమంటం అక్కా ఇసొంటి మనిషిని," అంది.

మే చివర్లో రాజేశాన్ని ఇంటికి పంపారు. ఊపిరితిత్తులు కోలుకోవడానికి రోజూ కాస్త కాస్త నడవమన్నారు, ఒంటరిగా వద్దన్నారు. గల్లీలో నడక మొదలుపెట్టి, బలం వచ్చినకొద్దీ పెద్ద రోడ్డు దాకా వెళ్ళేవాళ్ళు. ఆయన చేయి పట్టుకుని నడిచే రోజులు పోయాక సుగుణ ముందు నడిచేది. కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడుతున్నాయని, నడకకు ట్రాక్ ప్యాంటు ఒకటి కావాలని నన్ను అడిగింది. మిల్లు దుకాణంలో ఉద్యోగుల కోసం అమ్మేవి చూపించడానికి తీసుకెళ్ళాను. టీషర్టుకు సరిపోతుందని ముదురు నీలం ప్యాంటు చేతికిచ్చాను. ఆమె దాన్ని పక్కన పెట్టి, దొంతరలో వెతికి, కుంకుమ ఎరుపుది తీసింది. రేడియం పసుపు కింద కుంకుమ ఎరుపు. మా ల్యాబులో ఎవరూ ఆ రెండింటినీ కలిపి ఉండరు.

"ఈ ఎరుపు ఆయన కంటికి తెలియదు కదా," అన్నాను.

"పైది ఆయనకు అక్కా. కిందిది నాకు," అంది.

అద్దం ముందు నిలబడితే ఆమెకు అది బాగానే నప్పింది. ఆ ఇద్దరూ పొద్దున్నే రైల్వే క్వార్టర్ల ముందు నుంచి నడిచి వెళ్ళడం నేను చాలాసార్లు చూశాను. ముందు పసుపూ ఎరుపూ, కాస్త వెనక తెల్ల చొక్కా. కొన్నాళ్ళకు గల్లీ ఆడవాళ్ళు మరో నలుగురు ఆమెతో కలిశారు. ఎవరి రంగులు వాళ్ళవి. రాజేశం ఆగస్టులో పనిలోకి వచ్చాడు. తన కళ్ళ సంగతి తోటివాళ్ళకు తనే చెప్పుకున్నాడు. తెల్ల చొక్కా మాత్రం మానలేదు. అలవాటైపోయింది మేడం, నాకు ఇదే మంచిగున్నది అన్నాడు.

ఆ తర్వాతి ఏడాది రిటైరయ్యే లోపు ల్యాబు పద్ధతిలో నేను ఒక మార్పు చేశాను. అప్పటిదాకా మేము ఒక షేడును పాస్ చేసేముందు అడిగేవి రెండే ప్రశ్నలు. ఇచ్చిన ముక్కతో కలిసిందా, ఏ వెలుగులో చూశాం. ఆట బట్టలకు, యూనిఫారాలకు, భద్రతా కోట్లకు మూడోది చేర్చాను. దీన్ని ఎవరు, ఎంత దూరం నుంచి, దేని ముందు ఉన్నప్పుడు చూస్తారు. మిల్లు క్రికెట్ పోటీకి ఒక జట్టుకు ఎరుపు, మరో జట్టుకు ఆకుపచ్చ అడిగితే, ఆ రెండూ కొందరి కళ్ళకు ఒకటేనని రాసి, ఒకదాన్ని పసుపుకు మార్పించాను. కొత్తగా చేరిన పిల్లలకు లైట్ బాక్సు నేర్పే రోజునే చుక్కల పలకలు కూడా చూపించేదాన్ని, ఎవరినీ తీసేయడానికి కాకుండా, తాము చూసేదే అందరూ చూడరని తెలియడానికి. రంగును కొలిచే యంత్రాలు మా దగ్గర మంచివే ఉన్నాయి. చూసేవాడి గురించి అవి ఏమీ చెప్పవు. అది మనిషి వెళ్ళి కనుక్కోవాల్సిన పని.